చెయ్యి ఆపే మాస్టర్

మార్చి 11

రక్తపోటు చూసిన డాక్టర్ మాత్రలతోపాటు ఈ నోటుబుక్కు కూడా నా నెత్తిన రుద్దాడు. కోపం వచ్చినప్పుడల్లా రాసుకోవాలట. రాస్తే సగం చల్లారుతుందట. ఎవరికీ చూపించనక్కర్లేదన్నాడు. ఆ ఒక్క మాట నచ్చి కొన్నాను.

నాకసలు కోపమే లేదంటే ఆయన నవ్వాడు. ఫైట్ మాస్టర్‌కి కోపం లేదంటే ఎవరు నమ్ముతారు? ఇరవై రెండేళ్లుగా సినిమాల్లో మనుషుల చేత మనుషుల్ని కొట్టిస్తున్నాను. నా షూటింగులో ఒక్కడికి పన్ను ఊడలేదు. మొదటి రోజు వణుకుతూ వచ్చే కొత్త హీరోని నిలబెట్టి, కళ్లు మూసుకోమని, చెంప మీదికి చెయ్యి విసిరి వేలెడు దూరంలో ఆపేస్తాను. వాడికి గాలి మాత్రం తగులుతుంది. అప్పట్నుంచి నా మాట జవదాటడు. యూనిట్లో నా పేరే 'చెయ్యి ఆపే మాస్టర్'.

మా ఆవిడదీ ఇదే పని. హీరోయిన్లకి డూప్. మేడ మీంచి పడాలన్నా, అద్దం పగలగొట్టుకుని దూకాలన్నా వాళ్ల బదులు ఈవిడ. ఎంత ఎత్తు నుంచి పడినా లేచి నవ్వుతుందని అందరూ 'రబ్బరు' అనేవాళ్లు. నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడకి పడటం నేర్పింది నేనే. ఒక ఏడాది పాటు రోజూ పొద్దున్నే పరుపులు వేసి నేర్పాను. ఆ పరుపుల మీదే ప్రేమ కూడా మొదలైంది. పెళ్లయి ఎనిమిదేళ్లు. మొదటి ఏడాదైతే ఒక్క గట్టి మాట లేదు. మమ్మల్ని చూసి కుళ్లుకోనివాడు లేడు.

మార్చి 14

కోపం రాలేదు.

మార్చి 22

సాయంత్రం చిన్న మాట పట్టింపు. వంటింట్లో నేల తడిగా ఉంది, కాలు జారింది ఆవిడకి. తొందరగా పడుకున్నాం.

మార్చి 23

పొద్దున్నే లేచి నేనే టీ పెట్టాను. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి ఇచ్చాను. రెండుసార్లు సారీ చెప్పాను. ఏ మొగుడు చెప్తాడు రెండుసార్లు?

ఐసు చెంపకి కాకుండా చెవికి పెట్టుకు కూచుంది. దిండు గలీబు మీద ఏదో మరకుంటే నేను చూసేలోగానే ఉతికేసింది. నాకు తెలిసి తగిలింది అరచేతిలో సగం. ఆవిడ మాత్రం గోడ దాకా వెళ్లి పడింది. మా కాపురంలో ఉన్న చిక్కంతా ఇదే. మామూలు మనిషి పడితే ఎంత తగిలిందో చూసేవాడికి తెలుస్తుంది. ఈవిడకి పడటం వచ్చు. నిన్న పడ్డ తీరుకి యూనిట్లో అయితే చప్పట్లు కొట్టేవాళ్లు.

ఏప్రిల్ 6

గోడతో కాపురం చేస్తున్నాను.

సోఫాలో ఆవిడ పక్కనే కూచుని మూడుసార్లు పిలిచాను. నీలం చొక్కా ఎక్కడుందని అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. టీవీ చూస్తూనే ఉంది. ఆ టీవీ సౌండు కూడా ఈమధ్య ఇల్లు ఎగిరిపోయేలా పెడుతోంది. నా గొంతు వినపడకూడదనే కదా. ఒళ్లు మండి గాజు గ్లాసు గోడకేసి కొట్టాను. గోడకి, ఆవిడకి కాదు. డాక్టర్ గారు గమనించాలి.

అప్పుడు మాత్రం ఉలిక్కిపడి లేచింది. "ఏంటండీ? ఏమైంది?" అంటుంది, ఏమీ ఎరగనట్టు. గాజు పెంకులు ఏరుతూ వేలు కోసుకుంది. కట్టు నేనే కట్టాను. రెండు వారాల క్రితం వరకు నేను పనిలోంచి రాగానే వాకిట్లో వినపడే నవ్వు ఇప్పుడు లేదు. ఆ నవ్వు కోసం ఏం చెయ్యమన్నా చేస్తాను. ఏం చెయ్యాలో ఎవరైనా చెప్తే బాగుండు.

ఏప్రిల్ 29

ఇవాళ మంచి రోజు. కొత్త సినిమా ఒప్పుకున్నాను. డైరెక్టర్ ముప్ఫై దాటనివాడు, కథ చెప్తున్నంతసేపూ పెన్సిలు కొరుకుతూనే ఉన్నాడు. కథ ముగిసేసరికి పెన్సిలు కూడా అయిపోయింది.

కథ మామూలే. అబ్బాయి అమ్మాయి వెంటపడతాడు. నడిరోడ్డు మీద ఆ పిల్ల చెంప పగలగొడుతుంది. వీడు రెండో చెంప చూపిస్తాడు. ఆ పిల్లకి నవ్వొస్తుంది. పాట. ఇంకో పాట. పెళ్లి. తర్వాత గొడవలు. వాన పడుతున్న రోజు వీడు చెయ్యి చేసుకుంటాడు. ఆమె పెట్టె సర్దుకుని రైలెక్కుతుంది. వీడు ప్లాట్‌ఫారం మీద పరిగెత్తుతాడు. ఆమె రైలు దిగుతుంది.

"ప్రేమ ఎలా మొదలవుతుందో అందరూ తీశారు మాస్టర్. ఎలా విరుగుతుందో నేను తీస్తాను. సినిమా అంతా ఆ ఒక్క దెబ్బ మీద నిలబడాలి. పక్కనుంచి తీస్తాను, కట్ లేకుండా, ఒకే షాట్," అన్నాడు.

"పక్కనుంచి తీస్తే చేతికీ చెంపకీ మధ్య ఖాళీ కనపడిపోతుంది సార్. ఎప్పుడూ కొట్టేవాడి వీపు వెనకనుంచి తీస్తాం."

"అందుకే మీ దగ్గరికి వచ్చాను."

ఖాళీ కనపడకూడదంటే చెయ్యి చెంపని రాసుకుపోవాలి. హీరో వల్ల కాదు. హీరో చొక్కా వేసుకుని, మొహం కెమెరాకి పడకుండా ఆ దెబ్బ నేనే వెయ్యాలి. దెబ్బ తినడానికి రబ్బరు ఉండాలి. వేరే ఎవరి వల్లా కాదు. ఆవిడ చేత పని మానిపించి రెండేళ్లయింది. ఇంట్లో హాయిగా ఉంటుందని నేనే మానిపించాను. మళ్లీ ఇద్దరం కలిసి పని చేస్తే అంతా మునుపట్లా అవుతుంది. సంతోషంతో స్కూటర్ నడుపుతూ పాడాను కూడా.

మే 2

ఒప్పుకుంది. వెంటనే ఒప్పుకుంది.

"మేకప్ అక్కదేనటగా?" అని మాత్రం అడిగింది. వాళ్లక్క, అంటే మా వదిన, ఈ సినిమాకి మేకప్. రెండేళ్లుగా వాళ్లిద్దరూ సరిగ్గా కలుసుకున్నది లేదు. వదిన నోరు పెద్దది, ఇంటికొస్తే ఇల్లు రెండుగా చీలుతుంది కాబట్టి నేనే రానివ్వలేదు. సరే, షూటింగులో కలుసుకుంటే కలుసుకోనీ.

మే 9

రిహార్సల్. ఎన్నాళ్లకి.

గది సెట్ వేశారు. కిటికీ, బల్ల, రెండు కుర్చీలు. ఆమె కిటికీలోంచి వాన చూస్తూ ఉంటుంది. నేను ఎడమ వైపు నుంచి వచ్చి కొడతాను. ఆమె వెనక్కి విరుచుకుపడి బల్ల మీదుగా దొర్లి నేల మీద పడాలి. మొహం అటు తిప్పుకుని ఉన్న మనిషికి దెబ్బ ఎప్పుడొస్తుందో తెలియాలి కదా. దానికి మా పద్ధతి ఒకటుంది. చెయ్యి విసిరే ముందు నేను నోట్లోనే 'హుం' అంటాను. అది వినగానే ఆమె తల తిప్పి ఒళ్లు వదిలేస్తుంది. చెంప ఉన్న చోటి నుంచే నా చెయ్యి పోతుంది, కానీ చెంప అప్పటికి అక్కడ ఉండదు. చూసేవాడికి పళ్లు రాలినట్టే ఉంటుంది.

పదకొండుసార్లు చేశాం. పదకొండుసార్లూ అచ్చుగుద్దినట్టు వచ్చింది. మొదటి రెండుసార్లు మెడ కాస్త వంకరగా, కుడి చెవి నా వైపు తిప్పి నిలబడింది. తిన్నగా నిలబడమంటే నిలబడింది. లైట్లవాళ్లు పని ఆపి చూశారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

కొత్త హీరోయిన్ కుర్చీలో కాళ్లు ముడుచుకు కూచుని అంతా చూసింది. ఇరవై మూడేళ్లుంటాయి, బిడియం బొత్తిగా లేదు.

"సార్, నాకో డౌటు," అంది డైరెక్టర్‌తో. "ఇంత దెబ్బ తిన్నాక ఆ అమ్మాయి రైలెందుకు దిగుతుంది?"

"ప్రేమమ్మా. వాడు ఏడుస్తూ పరిగెత్తుతాడు కదా."

"పరిగెత్తితే దిగేస్తుందా? ఆయాసం వచ్చినవాళ్లందరి కోసం దిగుతూ పోతే ఆవిడ ఊరెప్పుడు చేరుతుంది సార్?"

అందరూ గొల్లుమన్నారు. రబ్బరు కూడా నవ్వింది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నేను రెండు నెలలుగా వెతుకుతున్న నవ్వు అదే. అది నావల్ల రాలేదు.

మే 12

నిన్న జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

సాయంత్రం ఇంటికొచ్చాం. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. నేను వెనక నిలబడి మామూలుగానే అడిగాను, ఆ రోజు అంత నవ్వెందుకొచ్చిందని. పలకలేదు. మళ్లీ అడిగాను. పలకలేదు. భుజం పట్టుకుని తిప్పాను. "ఏంటండీ? ఏమన్నారు?" అంది. ప్రతిసారీ అదే మాట. వెక్కిరింపు కాకపోతే ఏమిటది?

నేను చెయ్యి ఆపుకున్నాను. రెండుసార్లు ఆపుకున్నాను, అది రాయాలి. మూడోసారి ఆగలేదు. జుట్టు చేతికి చిక్కింది. బీరువా తలుపు మూల భుజానికి తగిలింది. కింద పడ్డాక లేవమన్నాను, లేవలేదు. నటిస్తోందనిపించింది. కాలితో కదిపాను. కదిపానంతే. పక్కటెముకల దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నగా ముడుచుకుంది. ఏడవలేదు, అరవలేదు. అరిస్తే నేను ఎప్పుడో ఆగేవాణ్ని. పక్కింటివాళ్లకి వినపడకూడదని టీవీ పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

తర్వాత ఆవిడ కాళ్ల దగ్గర కూచుని ఏడ్చాను. ప్రేమ లేకపోతే ఇంత కోపం ఎక్కణ్నించి వస్తుందని చెప్పాను. చాలాసేపు చెప్పాను. ఆవిడ గోడకేసి చూస్తూ, కుడి చెంప దిండుకి ఆనించి పడుకుంది.

మే 13

వదిన గొడవ.

దెబ్బ తర్వాతి సీనుకి డూప్ భుజం మీద కమిలిన మరక వేసి చూడాలి. వదిన స్పాంజితో తుడిచింది. పౌడరు పోయేకొద్దీ అసలు మరకలు బయటపడ్డాయట. రంగులపెట్టె మూసేసి బయటికొచ్చింది.

"మరిది గారూ, నాకు పనే లేకుండా చేశారు," అంది. అరవలేదు, అదే విచిత్రం. "నేను నాలుగు రంగులు కలిపితే గానీ రాని మరక మీరు ఒట్టి చేత్తో వేశారు."

"రిహార్సల్లో తగిలింది వదినా. పడే పని కదా."

"పదకొండు రిహార్సళ్లూ నేను అక్కడే ఉండి చూశాను."

పక్కకి తప్పుకున్నాను. ఆడవాళ్లిద్దరూ గదిలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం చెప్పుకున్నారో తెలియదు. తలకొట్టేసినట్టయింది.

మే 16

రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున సెట్‌కి వెళ్లే ముందు రబ్బరు నా ఎదురుగా వచ్చి నిలబడింది. "మాస్టర్," అంది. పెళ్లికి ముందు పిలిచినట్టు. "ఇవాళ సైగ నోటితో వద్దు. నేల మీద కాలు తట్టండి. చెక్క నేల కాబట్టి నా కాళ్లకి తెలుస్తుంది."

"ఎందుకు?"

"నాకు సరిగ్గా..."

"ఎనిమిదేళ్ల పద్ధతి ఇవాళ మారుస్తావా? పదకొండుసార్లు వచ్చింది కదా. మీ అక్క నేర్పిందా ఇది?"

"అది కాదండీ, వాన మిషను సౌండు..."

"ఇక ఆపు," అన్నాను. ఆపేసింది.

వాన మిషను కిటికీ అవతల, ఆమెకి కుడి వైపు పెట్టారు. రిహార్సల్లో అది లేదు. ఆన్ చెయ్యగానే రేకుల మీద రాళ్లు పోసినట్టు చప్పుడు. నేను హీరో చొక్కా వేసుకున్నాను. డైరెక్టర్ యాక్షన్ అనడం పెదాల్ని బట్టి తెలిసింది. నడిచాను. ఆమె ఎడమ పక్కకి చేరాను. 'హుం' అన్నాను. చెయ్యి విసిరాను.

ఆమె కదల్లేదు.

అరచెయ్యి మొత్తం చెవి మీద, దవడ మీద పడింది. ఇరవై రెండేళ్లలో అంత చప్పుడు సెట్ మీద నేను వినలేదు. వాన మిషను హోరులో కూడా వినపడింది. ఆమె తిరగలేదు, ఒళ్లు వదల్లేదు, బల్ల మూలకి నేరుగా తల కొట్టుకుని కింద పడింది. కుర్చీ ఆమె మీద పడింది. యూనిట్ మొత్తం చప్పట్లు. డైరెక్టర్ పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నాడు. "మాస్టర్, ఇది చాలు నాకు, సినిమా అయిపోయింది," అంటున్నాడు.

"లే రబ్బరూ, కట్ చెప్పారు," అన్నాను.

లేవలేదు. చెవిలోంచి నెత్తురు సన్నగా చెక్కల సందుల్లోకి పోతోంది. నటిస్తోందనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అప్పటికీ అదే అనుకున్నాను. వదిన నన్ను తోసేసి వెళ్లి తల ఒళ్లో పెట్టుకుంది. చప్పట్లు అక్కడక్కడా ఆగుతూ ఆగుతూ మొత్తం ఆగిపోయాయి.

మే 17

ఆసుపత్రి. స్పృహలోకి వచ్చింది. తలకి తొమ్మిది కుట్లు. దవడ చిట్లింది.

చెవి డాక్టర్ నన్నూ వదిననీ మంచం దగ్గరికి పిలిచాడు. "నిన్నటి దెబ్బ వేరు. ఈ ఎడమ చెవిలో కర్ణభేరి ఎప్పుడో చిరిగిపోయింది. చీము పట్టింది, దానంతటది ఎండింది. దాదాపు రెండు నెలలై ఉంటుంది. అప్పట్నుంచి ఈ చెవికి ఏమీ వినపడటం లేదు. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అన్నాడు.

"పడే వృత్తి సార్. ఏ షూటింగులో తగిలిందో ఏమో," అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎంత తొందరగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది.

"రెండేళ్లుగా దానికి షూటింగే లేదు," అంది వదిన.

డాక్టర్ మంచం అటు వైపు తిరిగి వెళ్లి, ఆమె కుడి చెవి దగ్గర వంగి అడిగాడు. "ఎప్పుడు తగిలిందమ్మా?"

"మార్చి ఇరవై రెండు. సాయంత్రం." దవడ కట్టుతో మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఎలా?"

నా వైపు చూసింది. "ఆయన్ని అడగండి. ఆయన డైరీ రాస్తారు."

ఇంటికొచ్చి వెనక్కి తిప్పాను. నేల తడిగా ఉందట. కాలు జారిందట. తొందరగా పడుకున్నామట. ఈ చేత్తోనే రాశాను, ఈ పెన్నుతోనే. ఆ రోజు వంటింట్లో నేల ఎండిపోయి ఉంది. ఆవిడ చేసిన తప్పల్లా వాళ్లక్కకి ఫోన్ చెయ్యడం.

సోఫాలో నేను మూడుసార్లు పిలిచింది ఎడమ పక్క నుంచే. భుజం పట్టుకుని తిప్పిందీ వెనక, ఎడమ పక్క నుంచే. కాళ్ల దగ్గర కూచుని అంతసేపు ఏడ్చిందీ ఎడమ పక్కే.

మే 18

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. మాట చెప్తే విననన్నానా? అసలు చెప్తేగా. చెవి వినపడటం లేదని ఒక్క మాట చెప్పి ఉంటే

చెప్పబోయింది. ఆపమన్నాను.

మే 19

డైరెక్టర్ ఆఫీసుకి పిలిచి షాట్ చూపించాడు. చీకటి గది, నేనూ ఆయనా ఎడిటరూ. "తప్పెవరిదీ కాదు మాస్టర్, వాన మిషను సౌండులో ఆవిడకి వినపడలేదు, అంతే," అన్నాడు ఓదార్పుగా. నేనూ అదే అనుకుంటూ చూశాను.

మొదటిసారి చూస్తే అలాగే ఉంది. రెండోసారి నెమ్మదిగా తిప్పమన్నాను. నా పెదాలు కదిలాయి. ఆమె తల కదల్లేదు. నా చెయ్యి అప్పటికింకా నా భుజం దగ్గరే ఉంది.

మూడోసారి వేయించాను. చెయ్యి భుజం దగ్గర ఉన్నప్పుడే నా కళ్లు ఆమె మీద ఉన్నాయి. ఆమె కదల్లేదని నేను చూశాను. పక్కనుంచి తీశారు కదా, హీరో కోసం పెట్టిన విగ్గు కింద నా కన్ను కనపడుతోంది. చూసి కూడా చెయ్యి పోనిచ్చాను. వేలెడు దూరంలో ఆపగలిగే చెయ్యి. దానికి మూరెడు దూరం ఉంది. పొద్దున 'మీ అక్క నేర్పిందా' అన్న కోపం ఇంకా ఒంట్లోనే ఉంది. మెడ నరం ఉబ్బి ఉంది నాకు.

ఇంకోటి కూడా చూశాను. ఆమె పడ్డాక నేను ఆమె వైపు చూడలేదు. కెమెరామన్ వైపు చూశాను, షాట్ ఓకేనా అని.

"ఇలాంటి దెబ్బ సినిమాల్లో ఇప్పటిదాకా రాలేదు. ఉంచేస్తాను," అన్నాడు డైరెక్టర్.

స్కూటర్ అక్కడే వదిలేసి నడిచి ఇంటికొచ్చాను.

మే 21

సినిమా కంపెనీ మేనేజర్ కాగితం పట్టుకొచ్చాడు. చెవితో సహా దెబ్బలన్నీ షూటింగు ప్రమాదంలోనే తగిలాయని నేను సంతకం పెడితే చాలట. ఆవిడ వైద్యం కంపెనీ చూసుకుంటుంది, నా పేరు చెడదు, సినిమా ఆగదు. "ఆవిడ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది మాస్టర్. ఈ కాగితం ముందు అది నిలవదు. మీ ఇద్దరికీ మంచిది," అన్నాడు. నాలుగు రోజులు టైము అడిగాను.

హీరోయిన్ రైలు దిగే సీను చెయ్యనందట. రైలు వెళ్లిపోయే దాకా తలుపు దగ్గర నిలబడతానని, అంతే చేస్తానని మొండికేసిందట. డైరెక్టర్ పెన్సిళ్లు కొరుకుతున్నాడట.

కాగితం బల్ల మీద ఉంది. పెట్టేద్దామనే ఉంది. ఎనిమిదేళ్ల కాపురం కాగితం మీద బాగుపడుతుందంటే ఎవరు కాదంటారు?

మే 24

వదిన ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ వెళ్లాను. ఇరవై రెండేళ్లలో ఎన్ని సినిమాల్లో చూశాను, తలుపు దగ్గర మొగుడు నిలబడటం, పెళ్లాం కరిగిపోవడం. ఆ మాటలే వచ్చాయి నోటికి. నువ్వు లేని ఇల్లు ఇల్లు కాదు. ఒక్క అవకాశం ఇవ్వు. నేను మారాను.

తలుపు వదిన తీసింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్కకి జరిగి అక్కడే నిలబడింది. రబ్బరు వచ్చింది. తలకి సగం కట్టు, ఎడమ కన్ను కింద పసుపు పచ్చగా దిగిన వాపు. ఈసారి నేనే అటు తిరిగి, కుడి వైపు నిలబడి చెప్పాను. మొత్తం చెప్పాను. విన్నది.

"మాస్టర్," అంది. "మీరు ఒక్క మంచి పని చేశారు నాకు. పడటం నేర్పారు. అది రాకపోతే రెండో ఏడాదే పోయేదాన్ని."

కోపంగా అనలేదు. నిజంగానే థాంక్స్ చెప్తున్నట్టు అంది. నాకు దుఃఖం ఆగలేదు. ఆ కట్టు పక్కన వెంట్రుకలు అంటుకుపోయి ఉన్నాయి. సరి చేద్దామని చెయ్యి ఎత్తాను. ఒట్టి చెయ్యి. ప్రేమగా ఎత్తాను. ఇంత ప్రేమగా నేనెప్పుడూ ఎత్తి ఉండను.

ఆమె గడ్డం ఛాతీకి ఆనుకుంది. ఒక కాలు వెనక్కి పోయింది. మోకాళ్లు సడలాయి. అరచేతులు నేలకి ఎదురుగా తెరుచుకున్నాయి. భయపడలేదు, వెనక్కి జంకలేదు, మొహంలో ఏ మార్పూ లేదు. ఆమె ఒళ్లు దానంతటది పడటానికి తయారైంది. వెనక ఏముందో కళ్లు తిప్పి చూసుకుంది కూడా. చెప్పుల స్టాండు ఉంది. దానికి తగలకుండా అర అడుగు పక్కకి జరిగింది.

ఇంట్లో అల్మరా తలుపు తీయడానికి చెయ్యి ఎత్తినా, ఫ్యాను వెయ్యడానికి ఎత్తినా ఇలాగే చేసి ఉంటుంది. ఎనిమిదేళ్లు నా ఎదురుగా చేసి ఉంటుంది. నేను ఒక్కసారీ చూడలేదు.

చెయ్యి దించాను. ఆమె ఇంకా అలాగే నిలబడి ఉంది. వదిన వచ్చి నడుం చుట్టూ చెయ్యి వేస్తే గానీ మామూలుగా నిలబడలేకపోయింది.

"వెళ్లండి మరిది గారూ," అంది వదిన. వచ్చేశాను.

మే 25

కాగితం సంతకం పెట్టకుండా మేనేజర్‌కి తిరిగిచ్చాను. "మతి పోయిందా మాస్టర్? మళ్లీ ఎవడూ పని ఇవ్వడు," అన్నాడు. నిజమే అయి ఉంటుంది.

అక్కణ్నించి స్టేషన్‌కి వెళ్లాను. ఫిర్యాదు చూస్తున్న ఆఫీసరు ఆడావిడ, నా వయసే ఉంటుంది. కుర్చీ చూపించింది. నేను షూటింగు షాట్ గురించి చెప్పబోయాను. చెయ్యి ఎక్కడ ఉంది, ఎంత దూరం ఉంది, ఎక్కడ ఆపి ఉండాల్సింది, అన్నీ చెప్పబోయాను.

"అది తర్వాత. ముందు ఇంట్లో సంగతి చెప్పండి," అంది. "ఎన్నిసార్లు?"

"లెక్క తెలియదండీ."

"మొదటిసారి గుర్తుందా?"

గుర్తుంది. ఎప్పుడూ గుర్తుంది. కొత్త కాపురం, ఇంట్లో ఇంకా మంచం కూడా లేదు, రిహార్సల్ పరుపులే పరుచుకుని పడుకునేవాళ్లం. టీలో చక్కెర తక్కువైంది.

"పెళ్లయిన పదకొండో రోజు," అన్నాను. ఆఫీసరు రాసుకుంది.